గృహిణీ గోష్ఠి: టెలిఫోనులో ఇంటర్వ్యూ

ఈ మాసమున మాకందిన లేఖలలో ఒకదానికి విపులముగా సమాధానము వ్రాయవలసియున్నది. ఆ లేఖ వ్రాసిన సోదరి బి.కాం. పరీక్షయందు ఉత్తీర్ణురాలై, మూడు సంవత్సరములు ఒక వ్యాపార సంస్థలో లెక్కల విభాగమున పనిచేసి, 2016వ సంవత్సరమున కాన్పునకై ఉద్యోగము మానిరి. బిడ్డడిప్పుడు పెద్దవాడై బడికి పోవుచున్నాడు. మరల పనిలో చేరవలెనని హైదరాబాదులోని యొక సంస్థకు దరఖాస్తు పంపగా, ముందు టెలిఫోనులో మాట్లాడి, పిదప పిలిపింతుమని వారు దినమును గడియను నిర్ణయించి తెలిపిరట. "ఎదుట కూర్చుండి మాట్లాడుటకు నాకు కొంత ధైర్యము కలదు. ముఖము కనబడనివారితో ఏమి మాట్లాడుదును? ఇన్ని యేండ్లు వంటయింటిలో నున్నదానను, చెప్పుకొనుటకు నాకేమున్నది?" అని ఆమె వ్రాసిరి. ఆమెకు వేరుగా జాబు వ్రాసితిమి. కాని ఇదే చిక్కు మరికొందరు పాఠకురాండ్రకు కూడ కలుగుచుండును గావున, ఆ సంగతులనే ఇచట విస్తరించి వ్రాయుచున్నాము.

మొదట ఈ పరీక్ష యెందులకు పెట్టుదురో తెలిసికొనవలెను. ఒక ఉద్యోగమునకు వచ్చిన దరఖాస్తులన్నిటిని చూచి, అందరిని కచేరీకి పిలిచి కూర్చుండబెట్టి మాట్లాడుట యజమానులకు సాధ్యము కాదు. కావున పదిహేను నిమిషములో అరగంటయో టెలిఫోనులో మాట్లాడి, ఎవరిని పిలువవలెనో ఎవరిని విడువవలెనో తేల్చుకొందురు. పిలుచునది తరచుగా ఆ పని తెలిసిన అధికారి కాదు. ఉద్యోగులను కుదుర్చుకొను శాఖవారు. వారి యెదుట మన వివరపత్రమొకటి, ప్రశ్నల పట్టిక యొకటి ఉండును. వ్రాసినదంతయు నిజమేనా, మాట తిన్నగా వచ్చునా, ఎంత జీతము కోరుచున్నది, ఎన్నడు చేరగలదు, మధ్య సంవత్సరములలో ఏమి చేసినది? వారు తెలిసికొనగోరునది ముఖ్యముగా ఇంతే. ఆ పూటకు మనము చేయవలసినది వారి పట్టికలో మన పేరు కొట్టివేయబడకుండ చూచుకొనుట. ఇంతకంటె పెద్ద భారము నెత్తిన వేసికొనవలదు.

ముఖము కనబడక మాట మాత్రమే వినబడుట క్రొత్త సంగతి యేమియు కాదు. సుందరకాండము చదివిన సోదరీమణులకు శింశుపావృక్షము మీది హనుమంతుడు జ్ఞాపకముండును. ఆకుల మరుగున కూర్చుండి, క్రిందనున్న సీతమ్మతో మాట యెట్లు మొదలిడవలెనా యని అతడు చేసిన ఆలోచన మేమెన్నిమారులు చదివినను క్రొత్తగనే తోచును. ఏ భాషలో మాట్లాడవలెను? పండితుల సంస్కృతములో పలికినచో ఈమె నన్ను రావణుడనుకొని బెదరునేమో; బెదరి కేకవేసినచో కాపలా రాక్షసులు మేల్కాంతురేమో; ఊరకుండినచో వచ్చిన పని చెడును. ఇట్లు పలువిధముల తలపోసి, సామాన్య మానవుల భాషలో, ఆమెకు ప్రియమైన రామకథతోనే, దశరథ మహారాజు మొదలుకొని వరుసగా చెప్పెను. అవతలివారికి తెలిసిన మాటతో ఆరంభించుట, వరుస తప్పకుండుట, అవసరమైనంతవరకే చెప్పుట యను మూడును ఆ ఘట్టములో నున్నవి. టెలిఫోనులో మాట్లాడబోవు స్త్రీకి ఇంతకంటె మేలైన పాఠము మాకు కానరాలేదు.

భాష మాట వచ్చినది గనుక అదియు ఇచటనే చెప్పివేయుదుము. పెక్కుమంది స్త్రీలకు భయమంతయు ఆంగ్లమును గూర్చియే. దరఖాస్తు పెట్టిన ఉద్యోగమున ఆంగ్లము అవసరమైనచో ఆంగ్లముననే మాట్లాడవలెను, తప్పదు. అయినను ఆంగ్లము వేరు, ఆంగ్లపు ఆడంబరము వేరు. చిన్న చిన్న వాక్యములు, తనకు బాగుగ నోట తిరిగిన మాటలు చాలును. సగము వాక్యములో మాట దొరకనప్పుడు నిలిచి, ఆ వాక్యమును విడిచి, తేలికదానిని ఎత్తుకొనవచ్చును. అవతలివారు తెలుగువారై, తెలుగున పలుకరించినయెడల తెలుగుననే బదులు చెప్పుటలో చిన్నతనమేమియు లేదు. వారు మరల ఆంగ్లమునకు మారినచో మనమును మారవలెను.

ఇక అసలు చిక్కునకు వత్తము. ఈ పరీక్షలో స్త్రీలకు మొట్టమొదటి కష్టము ప్రశ్నలలో లేదు, ఇంటిలో నున్నది. కచేరీకి పోయి మాట్లాడు స్త్రీకి ఇల్లు వెనుకనే నిలిచిపోవును. టెలిఫోనులో మాట్లాడు స్త్రీకి ఇల్లంతయు చుట్టునే యుండును. పప్పు కుక్కరులో ఉడుకుచుండును, ప్రక్కగదిలో టెలివిజను సీరియలు మ్రోగుచుండును, వీధిలో కూరగాయల బండివాని మైకు అరచుచుండును, గ్యాసు సిలిండరు తెచ్చిన కుర్రవాడు గంట నొక్కుచుండును, "అమ్మా, నా రబ్బరెక్కడ?" అని పిల్లవాడు కొంగు లాగుచుండును. పురుషుడు తలుపు వేసికొని ఫోనులో మాట్లాడుచున్నచో "నాన్నగారు పనిలో నున్నారు, గోల చేయకుడు" అని మనమే పిల్లలను కసరెదము. స్త్రీ తలుపు వేసికొన్నచో, ఎందులకు వేసికొన్నదా యని ఇంటిల్లిపాది తట్టుదురు.

మా వీధిలో ఒకరి కోడలు ఇటువంటి పరీక్షకు నిరుడు వేసవిలో మేడమీది నీళ్ల ట్యాంకు నీడకు పోయి మాట్లాడినది. క్రింద అయిదు గదుల యిల్లు. ఏ గదిలో కూర్చున్నను ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి అడుగుచుందురని భయము. పైన వడగాలి. ఆ గాలి ఫోనులో దూరి, అవతలివారికి సముద్రపు హోరువలె వినబడినదట. "మీరెక్కడ నున్నారు?" అని మూడుమారులు అడిగి, పది నిమిషములకే "మరల పిలిచెదము" అని ముగించిరి. మరల పిలువలేదు. ఆ పిల్ల చదువులో మొదటి తరగతి. ఆమె దరఖాస్తు యెందుకు పోయినదో ఆ యింటిలో నేటికిని ఎవరికిని తెలియదు. "దానికి నోరు లేదు" అని మాత్రము అందురు.

కావున మా సలహాలలో మొదటిది ఏమనగా, ముందటి రాత్రి భోజనముల వేళ అందరి యెదుట స్పష్టముగా చెప్పుడు: "రేపు పదకొండు గంటలకు నాకు ఉద్యోగపు పరీక్ష ఉన్నది. పదిముప్పావు నుండి పదకొండుముప్పావు వరకు నేను తలుపు వేసికొందును. ఎవరును పిలువరాదు." సిగ్గుపడి దాచినందువలన మేలు లేదు. ఉద్యోగము రానిచో నలుగురిలో చులకన యగునని దాచుదురు. దాచినందువలననే రాకపోవుటయు కలదు. అత్తగారి సాయమును ముఖ్యముగా కోరుడు. ముందుగా చెప్పి, "తలుపు దగ్గర మీరు చూచుకొనవలె, అత్తయ్యా" అని ఆ బాధ్యత ఆమెకే అప్పగించినచో ఆమెను మించిన కాపలా మరియొకటి లేదు. చెప్పక చేసినచో ఆమెయే మొదట తట్టును. పసిపిల్లలున్నచో ఆ గంటసేపు పొరుగింటిలోనో పుట్టింటిలోనో ఉంచుటకు ఏర్పాటు చేయవలెను. వంట ముందే ముగించి, పొయ్యి ఆర్పి కూర్చుండవలెను. పొయ్యిమీద ఏదైన నున్నంతసేపు ఆడుదాని మనస్సులో సగము అచటనే యుండును.

గది యెంపికలో కూడ చిన్న కిటుకు కలదు. వంటగది, స్నానాల గది, ఖాళీ హాలు మొదలైనవాటిలో నున్నని గోడలు, గచ్చు ధ్వనిని తిరుగగొట్టును. మన మాట నూతిలోనుండి వచ్చినట్లు వినబడును. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా, కిటికీ తెరలు గల పడకగదిలో ఆ మెత్తని వస్తువులు ప్రతిధ్వనిని పీల్చుకొనును. ఫ్యాను తగ్గించుకొనవలెను. ఫోనులో లౌడుస్పీకరు పెట్టుకొనవలదు. ఆ మూల సిగ్నలు సరిగా వచ్చునో లేదో ముందునాడే ఎవరికైన ఫోనుచేసి చూచుకొనవలెను. బ్యాటరీ నింపి యుంచవలెను. ఇంటిలో ఉన్న ఒక్క ఫోనును భర్త తనవెంట తీసికొనిపోవు కుటుంబములు ఇంకను పెక్కు కలవు. అట్టియెడ ఆ పూటకు ఫోను ఇంటనుండవలెనని ముందే అడుగవలెను, లేదా దరఖాస్తులోనే నమ్మకమైన మరియొక సంఖ్య నీయవలెను. నిర్ణయించిన సమయము కాక, ఆకస్మికముగా వారు పిలిచి, మీరు పొయ్యి దగ్గర నున్నచో తత్తరపడి అచటనే జవాబులు చెప్పుటకు పూనుకొనవలదు. "నమస్కారమండి. నిదానముగా మాట్లాడదగిన చోటికి పోవుటకు పది నిమిషములు వ్యవధి యిత్తురా?" అని అడుగుట అమర్యాద కాదు. పని తెలిసినవారెవరును దీనికి కాదనరు.

ఇక కంఠము సంగతి. 1876లో అలెగ్జాండరు గ్రాహం బెల్ టెలిఫోనునకు హక్కుపత్రము పొందిన రెండేండ్లకే, 1878 సెప్టెంబరు 1వ తేదీన బోస్టను నగరమున ఎమ్మా నట్ అను నామె టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనికి కుదిరెను. అంతకుముందు ఆ పనికి పెట్టిన కుర్రవాండ్రు ఓపిక లేక, మోటుగా మాట్లాడుచుండిరట. ఆమె మృదువైన కంఠమును, నెమ్మదిని విని జనులు సంతసించిరి. పిదప ఆ పని క్రమముగా స్త్రీలదే అయ్యెను. ఈ యంత్రముతో జీతమునకు మాట్లాడు పనిలో స్త్రీలు నూటనలువది యేండ్లకు పైబడి యుండగా, ఆ యంత్రమునకు మనము బెదరవలసిన పని యేమి?

అయితే ఆ యంత్రము మన కంఠమునంతను మోసికొనిపోదని మాత్రము గుర్తుంచుకొనవలెను. పాత పద్ధతి టెలిఫోను సెకనుకు సుమారు 300 మొదలు 3400 కంపనముల వరకు గల ధ్వనులనే పంపును. స, ఫ మొదలైన ఊదు ధ్వనుల బలములో చాలభాగము అంతకు పైన నుండును. అందుచేతనే టెలిఫోనులో ఎస్ అన్నది ఎఫ్ వలె వినబడును. ఇప్పటి ఫోనులలో ఈ లోపము కొంత తగ్గినది. కాని అవతలివారి లైను ఎట్టిదో మనకు తెలియదు గదా. కావున పేరు, ఊరు, ఈమెయిలు చిరునామా చెప్పునపుడు అక్షరము వెంట అక్షరము, బి అనగా బొంబాయి, డి అనగా ఢిల్లీ అనురీతిని చెప్పవలెను. అంకెలను విడివిడిగా చెప్పవలెను. తెలుగులో ఇరవైకిని అరవైకిని, ఆంగ్లములో ఫిఫ్టీన్‌కును ఫిఫ్టీకిని తేడా ఫోనులో తేలిపోదు. జీతము చెప్పుచోట ఈ పొరపాటు జరిగినచో కొంప మునుగును సుమా!

వేదపఠనమునకై ఏర్పడిన పాణినీయశిక్షలో చదువరుల గుణములును దోషములును ఆరేసి చొప్పున చెప్పబడినవి. చిన్ననాడు మా తండ్రిగారు మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని అవి నేర్పిరి. పాటవలె సాగదీయుట, వేగిరపడుట, తల ఊపుట, వ్రాసినది చూచి చదువుట, అర్థము తెలియక పలుకుట, పీలగొంతు. ఈ యారును దోషములు. టెలిఫోను పరీక్షకు ఈ యారును సరిగా సరిపోవుట చూచి మాకు ఆశ్చర్యమైనది. సాగదీయుట మనకు మొగమాటము వలన వచ్చును: "అదీ... ఏమనగా... అంటే..." అని. ప్రశ్న విని, ఒక్క ఊపిరి పీల్చి, తరువాత పలికినచో ఈ సాగదీతలు తగ్గును. ఆ ఒక్క క్షణము మౌనమును ఎవరును తప్పుపట్టరు. వేగిరపాటు భయము వలన వచ్చును. ఇక తల ఊపుట మాట: ఎదుట నున్నవారికి మన తలయూపు జవాబగును, ఫోనులో అది శూన్యము. తల ఊపి ఊరకున్నచో, లైను తెగినదని అవతలివారు "హలో, హలో" యందురు. "అవునండి", "అర్థమైనదండి" అని నోటితో పలుకవలెను.

వ్రాసినది చూచి చదువుట యను దోషమును గూర్చి కొంచెము గట్టిగనే చెప్పవలసియున్నది. ముఖము కనబడదు గదా యని జవాబులన్నియు కాగితముల మీద వ్రాసికొని, లేదా యిప్పటి కృత్రిమ మేధా యంత్రములచేత వ్రాయించుకొని, ప్రశ్న రాగానే చూచి చదువవచ్చునని పెక్కుమంది తలతురు. మావారు ఉపాధ్యాయులు. బడిలో మౌఖిక పరీక్ష పెట్టునపుడు కన్నులు మూసికొని విందురట. తెలిసి చెప్పు పిల్లవాని గొంతు అర్థము ఆగినచోట ఆగును. వల్లించు పిల్లవాని గొంతు ఊపిరి ఆగినచోట ఆగును. అందును వారు తేడా పట్టుదురు. ఉద్యోగములకు పిలుచువారు దినమునకెందరితోనో మాట్లాడువారు; వారికి మాత్రము తెలియకుండునా? పైగా, చదువుచున్నప్పుడు మధ్యలో వారొక చిన్న ప్రశ్న వేసినచో, చదివెడునది వరుస తప్పి తబ్బిబ్బగును.

కాగితమే వలదని మా యభిప్రాయము కాదు. ఒక్కటే కాగితము, పెద్ద అక్షరములతో, తలపు కందించు మాటలు మాత్రమే యుండవలెను. పనిచేసిన సంస్థ పేరు, చేరిన నెల, మానిన నెల, చేసిన పనులలో మూడు నాలుగు, అంకెలు, మనము వారిని అడుగదలచిన రెండు ప్రశ్నలు. మనము పంపిన వివరపత్రము నకలు ప్రక్కన పెట్టుకొనవలెను; వ్రాసినదానికి చెప్పినదానికి ఒక్క నెల తేడా వచ్చినను అనుమానమునకు తావగును. కలము, తెల్లకాగితము, గ్రుక్కెడు మంచినీరు కూడ దగ్గర నుండవలెను. భర్తయో తమ్ముడో ప్రక్కన కూర్చుండి చెవిలో అందించుట మాత్రము కూడదు. ఆ గుసగుస అవతలికి వినబడును. వినబడకున్నను, మన చెవి ఒకటి వారికి, ఒకటి వీరికి పంచినచో నోటికేమి మిగులును?

సాధనకు వేరొక మార్గము కలదు. ప్రక్కగది నుండి ఇంటివారిలో నొకరిచేత ఫోను చేయించి ప్రశ్నలడిగించుకొనుడు. దానిని ఫోనులోనే నమోదు చేసికొని తిరిగి వినుడు. మొదటిమారు విన్నప్పుడు "ఇది నా గొంతేనా!" అని రోత పుట్టును. మన గొంతు మనకు గాలిద్వారా మాత్రమే కాక కపాలపు ఎముకల ద్వారా కూడ వినబడుచుండుటచే లోపలినుండి గంభీరముగా తోచును. ఇతరులు విను గొంతు వేరు. దానికి భయపడక మూడుమారులు వినినచో ఎచట తొందరపడితిమో, ఎచట వాక్యము చివర మ్రింగితిమో తెలియును. కూర్చుండుటలోను తేడా కలదు. పడకమీద వ్రాలి మాట్లాడినచో ఊపిరి అణగి గొంతు పీలయగును. నిటారుగా కుర్చీలో కూర్చుండియో నిలిచియో మాట్లాడవలెను. చిరునవ్వుతో పలికిన మాటకు చిరునవ్వు వినబడును. ఇది పెదవుల ఆకారము వలన ధ్వని మారుటయే గాని మాయ కాదు.

ప్రశ్నలలో మొదటిది ఎల్లప్పుడును దాదాపుగా ఒకటే: "మీ గురించి చెప్పండి." మన స్త్రీలు దీనికి తండ్రిపేరు, పుట్టినయూరు, భర్త యుద్యోగము, పిల్లల సంఖ్య మొదలిడుదురు. అది పెండ్లిచూపులలో అడుగు ప్రశ్న. ఇచట వారడుగునది పని. ఒకటిన్నర నిమిషములో, చదువు, చేసిన పని, ఇప్పుడేమి చేయగలరు, ఈ యుద్యోగమును ఎందుకు కోరుచున్నారు అను వరుసలో చెప్పి నిలుపవలెను.

రెండవది, మన సోదరిని నిద్రపట్టనీయక బాధించునది, ఖాళీ సంవత్సరముల ప్రశ్న. దీనికి జవాబు రెండు వాక్యములు మించరాదు. "2016లో కాన్పునకై ఉద్యోగము మానితిని. ఇప్పుడు బాబు బడికి పోవుచున్నాడు, నేను పూర్తికాలము పనిచేయగలను." అంతే. అందులో క్షమాపణ యుండరాదు. "ఇంటిలో ఊరకనే యున్నానండి" అను మాట ఏ స్త్రీ నోటను రాకూడదు. అది నిజమును కాదు. అట్లని, కొందరు బోధించునట్లు, ఇల్లు నడుపుట మేనేజిమెంటనియు, పిల్లవానిని పెంచుట నాయకత్వమనియు పెద్ద పెద్ద పేర్లు తగిలించుట కూడ మాకు నచ్చదు. ఇంటిపని గొప్పదే, దాని గొప్పతనమును నిరూపించుటకు ఆ పదిహేను నిమిషములు వేదిక కాదు. అయితే ఆ యేండ్లలో డ్వాక్రా సంఘమునకో, అపార్టుమెంటు సంఘమునకో పద్దులు వ్రాసియున్నచో అది లెక్కల అనుభవమే. ఎందరు సభ్యులు, నెలకెంత రాకపోకలు అని అంకెలతో చెప్పవలెను.

ఆ రెండు వాక్యముల వెంటనే మూడవది రావలెను. తలరాత మార్చునది అదియే. మీరు మానిన తరువాత ఆ పనిలో ఏమేమి మారినవో మీకు తెలియునా? ఈ సోదరి పని మానునాటికి అమ్మకపు పన్నులకు వ్యాట్ పద్ధతి యుండెను. 2017 జూలై 1వ తేదీ నుండి జి.ఎస్.టి. వచ్చెను. ఆమె వాడిన ట్యాలీ ఈ.ఆర్.పి. 9 తరువాత 2020లో ట్యాలీ ప్రైమ్ వచ్చెను. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి జి.ఎస్.టి. శ్లాబులు మారి, పెక్కు వస్తువులు 5 శాతము, 18 శాతము శ్లాబులలోనికి వచ్చెను. "నేను పనిచేసిననాడు వ్యాట్ పద్ధతి యుండెను. తరువాత జి.ఎస్.టి. నేర్చితిని; జి.ఎస్.టి.ఆర్-1, 3బి రిటర్నులు ఎట్లు నింపవలెనో సాధన చేసితిని" అని ఒక స్త్రీ చెప్పగలిగినచో, తొమ్మిదేండ్ల ఖాళీ అవతలివారి చెవిలో సగమునకు సగము పూడిపోవును. నిజముగా నేర్చియున్నప్పుడే చెప్పవలెను సుమా. తరువాతి ప్రశ్న అందులోనే వచ్చును. గడువు ఇంకను మూడు వారములున్నది గనుక, అలంకారముల మాట మాని దినమునకు గంట చొప్పున ఇది నేర్చుకొమ్మని ఆమెకు వ్రాసితిమి. ఉపాధ్యాయినులకు, నర్సులకు, ఇతర వృత్తులవారికి వారి వారి పనులలో ఇట్టి మార్పులే యుండును.

"మీరు పనికి వచ్చినచో పిల్లవానిని ఎవరు చూచుకొందురు?" అని కొందరు అడుగుదురు. మగవానిని ఈ ప్రశ్న అడిగినవారిని మేమింతవరకు వినలేదు. ఉద్యోగమునకు తీసికొనుటలో స్త్రీ యను కారణముచే భేదము చూపరాదని మన దేశమున 1976లోనే చట్టము చేయబడినది. అయినను ఫోనులో వాదమునకు దిగినందువలన ఫలము లేదు. "ఏర్పాటు చేసికొన్నామండి, పనివేళలకు ఆటంకముండదు" అని చెప్పి నిలుపుడు. అత్తగారి ఆరోగ్యము, ఆయా జీతము, బడి బస్సు వేళలు మొదలైన వివరములలోనికి పోయినచో ప్రతి వివరమునుండి మరియొక ప్రశ్న పుట్టును. మరల మరల అదే గుచ్చి గుచ్చి అడుగు సంస్థలో రేపు సెలవు అడిగినచో ఏమందురో మీరును ఊహించుకొనవచ్చును.

జీతము మాట రాగానే "మీ ఇష్టమండి" అనవలదు. అట్టి పనికి ఆ యూరిలో ఎంత యిచ్చుచున్నారో ముందే విచారించి, ఇంతనుండి ఇంతవరకు అని చెప్పవలెను.

ఇక మరల అశోకవనమునకు పోవలెను. చెట్టుమీది మాట ఎంత ప్రియముగా నున్నను సీతమ్మ వెంటనే నమ్మలేదు. రావణుడే మారువేషమున వచ్చెనేమో యని శంకించినది. రామలక్ష్మణుల గురుతులు చెప్పుమన్నది. అతడు వివరముగా చెప్పి, ఉంగరము చూపినపిదపగాని ఆమె మనస్సు పూర్తిగా నిమ్మళించలేదు. ముఖము కనబడని మాటను పరీక్షించుట వినువారి హక్కు. ఈ దినములలో ఉద్యోగము పేర ఫోనుచేసి మోసగించువారు మిక్కుటముగా నున్నారు. పిలిచినవారి పేరు, సంస్థ పేరు, ఏ యుద్యోగమునకో అడిగి వ్రాసికొనుడు. అనుమానము కలిగినచో, ఆ సంస్థవారు బహిరంగముగా ప్రకటించిన సంఖ్యకు మీరే ఫోనుచేసి విచారింపుడు. దరఖాస్తు రుసుమనియు, శిక్షణకు డిపాజిటనియు, ల్యాప్‌టాపునకు ముందుగా సొమ్మనియు అడిగినచో అది ఉద్యోగము కాదు. ఫోనునకు వచ్చిన ఓ.టి.పి. అంకెలను చెప్పమన్నచో వెంటనే పెట్టివేయుడు. అప్పటికే సొమ్ము పోయినచో సిగ్గుపడి ఇంటిలో దాచక, ఆ గంటలోనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. అది ప్రభుత్వమువారు సైబరు మోసముల ఫిర్యాదులకై ఏర్పరచినది. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును దారిలో ఆపుటకు అంత వీలుండును.

సంభాషణ చివర "మీరేమైన అడుగుదురా?" అని వారు తప్పక అందురు. ఏమియు లేదనుటకంటె, "ఈ పనిలో చేరినవారు మొదటి మూడు నెలలలో ముఖ్యముగా ఏమి చేయవలసియుండును?" అనియు, "తరువాతి అడుగు ఏమి, ఎప్పటికి తెలుపుదురు?" అనియు అడుగుట మేలు. పేరు పెట్టి కృతజ్ఞత తెలిపి, వారు పెట్టిన తరువాత ఫోను పెట్టవలెను. తలుపు వెంటనే తీయవలదు. అడిగిన ప్రశ్నలు, చెప్పిన జీతము, మాట్లాడినవారి పేరు, వారు చెప్పిన గడువు కాగితముమీద వ్రాసికొనుడు. రెండవమారు పిలిచినపుడు ఆ కాగితమే ఆధారము. నాటి సాయంత్రమే నాలుగు వాక్యముల ఈమెయిలు పంపవచ్చును. చెప్పిన గడువు దాటి రెండు దినములైనను కబురు రానిచో ఒక్కమారు మర్యాదగా విచారింపవచ్చును. ఆలోగా మరి రెండు చోట్లకు దరఖాస్తులు పంపుచుండవలెను.